రంగు పక్క లోపలికి

"నా సముద్రం ఏది?"

లింగమూర్తి గడప దాటలేదు. చేతిలో కరీంనగర్ ఆసుపత్రి మందుల సంచి, భుజాన తువ్వాల, అలాగే నిలబడిపోయాడు. ఎదురుగా గోడ మీద మేకులు పీకిన గుంతలున్నాయి, సున్నం రాలిన మచ్చలున్నాయి. ఇంకేం లేవు.

నిన్న పొద్దున బస్సెక్కేటప్పుడు ఆ గోడ నిండా సముద్రం ఉంది.

"సిద్దిరాములూ!"

వాకిట్లో ఉన్న తమ్ముడు చేతిలోని పారను గోడకు ఆనించి, మళ్లీ తీసుకున్నాడు. ఆ తడబాటులోనే సగం జవాబు లింగమూర్తికి అందింది. కోపం వస్తే గొంతు పెంచే మనిషి కాదాయన, తగ్గిస్తాడు. ముప్పై ఏళ్లు నేవీ ఓడల మీద హుకుం చేసిన గొంతు అది. తగ్గుతున్నకొద్దీ ఎదుటివాడు చేస్తున్న పని ఆపి దగ్గరికి వస్తాడు.

"నిన్నే అడుగుతున్న తమ్మీ."

సిద్దిరాములు వచ్చి తలుపు పక్కన నిలబడ్డాడు. మోకాళ్ల దాకా బురద, కళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి.

"జర కూసో అన్నా. బస్సుల అలిసి వచ్చినవు. చాయ తాగు ముందుగాల."

"బొమ్మ ఏది?"

"రాత్రి వాన పడ్డదే. ఉత్త వాన గాదు, గాలివాన. ఊరందరి వడ్లు కొనుగోలు సెంటర్లనే పోసి ఉన్నయి. కాంట పెట్టి తూకం వేస్తలేరు, సంచులు రాలేదంటరు, లారీ రాలేదంటరు. కిరాయికి టార్పాలిన్ పరదాలు అడుగుదమంటే మంథని మొత్తంల ఒక్క పరదా దొరుకలే..."

"నేను వడ్ల ముచ్చట అడుగలే."

"గదే చెప్తున్న." సిద్దిరాములు గోడ వైపు చూడకుండా నేల వైపు చూశాడు. "బొమ్మ వడ్ల మీద ఉన్నది."

లింగమూర్తి మెల్లగా లోపలికి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. కుడిచెయ్యి వణుకుతోంది. ఎడమచేత్తో దాన్ని గట్టిగా పట్టుకున్నాడు. నిన్న డాక్టరు ఆ చేతిని అటు తిప్పి ఇటు తిప్పి, "ఇది తగ్గేది కాదు సార్, పెరిగేదే. రంగుల పని ఇక మానుకోండి" అని మొహమ్మీదే చెప్పేశాడు. బస్సు కిటికీలోంచి చూస్తూ వచ్చినంతసేపూ లింగమూర్తి తనకు తాను ఒక్కటే చెప్పుకున్నాడు. చెయ్యి పోతే పోయింది, చేయాల్సిన బొమ్మ అయిపోయింది కదా అని.

అదిగో, ఆ బొమ్మే ఇప్పుడు వడ్ల మీద ఉంది!

"ఈ రోజేంది సిద్దిరాములూ? యాదికున్నదా?"

"ఉన్నది."

"శంకరవ్వ వస్తది ఈ రోజు."

"ఉన్నదంటున్న గదనే."

శంకరవ్వది బెల్లంపల్లి. బొగ్గు గనిలో పనిచేసి చనిపోయిన మనిషి భార్య. ఉన్న ఒక్క కొడుకునూ నేవీకి పంపింది. వాడు లింగమూర్తి కమాండరుగా ఉన్న ఓడ మీదే పనిచేశాడు. ఎనిమిదేళ్ల కింద తుఫానులో చిక్కిన చేపల పడవకు తాడు అందించబోయి, డెక్కు మీద కాలు జారి నీళ్లలో పడ్డాడు. దొరకలేదు. శవం దొరకలేదు కాబట్టి ఆ తల్లి నమ్మలేదు. నేవీ వాళ్లు సెల్యూట్ కొట్టి జెండా ఇచ్చినా నమ్మలేదు. దినాలు చేయలేదు. ఈ నాటికీ తలుపు గొళ్లెం పెట్టకుండా పడుకుంటుంది.

"ఆ జాగ ఒక్కసారి నా కండ్లకు చూపెట్టు సార్. చూస్తే నమ్ముత" అందామె, పెన్షన్ పట్టి ఊరికి వచ్చిన లింగమూర్తి ఆమె ఇంటికి పోయినప్పుడు. సముద్రం నడుమ జాగాను ఎవరు చూపెట్టగలరు? లింగమూర్తి చూపెడతానన్నాడు. నౌకరీలో ఉన్నప్పుడూ సెలవు దొరికితే చాలు ఓడలనూ అలలనూ గీసుకుంటూ కూర్చున్న మనిషి మరి. గోడకు పెద్ద బట్ట మేకులతో కొట్టి, ఏడాదంతా దాని ముందే నిలబడ్డాడు. సన్న కుంచె చేతిలో నిలవడం మానేస్తే రేకు కత్తితో రంగును ముద్దలుగా తీసి పూశాడు. మొన్ననే అయిపోయిందని కబురు పంపితే, శంకరవ్వ సరేనంది. రేపు గోదావరి ఒడ్డున అయ్యగారు దర్భలతో మనిషి ఆకారం కట్టి కొడుకుకు కర్మ చేయిస్తాడు. ఈ రోజు ఆమె సముద్రాన్ని చూడాలి. చూసి నమ్మాలి.

"ఎవరు తీసిండ్రు గోడ మీదికెల్లి? నువ్వా?"

సిద్దిరాములు లోపలి వైపు చూశాడు. వంటింటి తలుపు చాటు నుంచి గాజుల చప్పుడు వినిపించింది.

"మీ అన్నకు చెప్పు. తీసింది నేనని చెప్పు" అంది దేవవ్వ.

సిద్దిరాములు భార్య ఆమె. కాపురానికి వచ్చిన నాటి నుంచీ బావ ఎదుట నిలబడి మాట్లాడింది లేదు. ఏదున్నా మొగుడితో అంటుంది, బావ వింటాడు. బావ తమ్ముడితో అంటాడు, ఆమె వింటుంది. ఆ ఇంట్లో అదే మర్యాద.

"ఎందుకు తీసిందో అడుగు సిద్దిరాములూ."

"వడ్లు కొట్టుకపోతుంటే చేతులు కట్టుకొని చూడాల్నా అని అడుగు."

"ఇంట్ల చద్దర్లు లేవా? చాపలు లేవా?"

"చద్దర్లు వాననాపుతయా అని అడుగు! ఇంట్లున్న రెండు పరదాలు సగం కుప్పకే వచ్చినయి. ఉన్న చద్దర్లన్నీ కప్పినంక గూడ ఇంక ఇంత కుప్ప ఉత్తగనే ఉన్నది. మొలకలొస్తే మిల్లోడు ముట్టుకుంటడా? ఆరు నెలల కష్టం పశువులకు పోస్తమా?"

సిద్దిరాములు తల అటొకసారి ఇటొకసారి తిప్పుతున్నాడు. పాపం, ఆయన ఎవరికీ ఏమీ చెప్పే పని పడలేదు. ఇద్దరికీ అన్నీ వినపడుతూనే ఉన్నాయి.

"ఏడాది పని అని తెల్వదా? ఎవరి కోసమో తెల్వదా? ఇంట్లనే ఉండె గదా, చూస్తనే ఉండె గదా!" లింగమూర్తి గొంతు ఇంకా దిగింది. "గంత తెలివి లేదా మనిషికి?"

ఆ మాటతో తలుపు తెరుచుకుంది. దేవవ్వ బయటికి వచ్చింది. కొంగు నెత్తి మీద లేదు, తడిసిన చీర ఇంకా మార్చుకోలేదు. బావ ఎదుటికి వచ్చి నిలబడింది. సిద్దిరాములు "ఏయ్" అన్నాడు కానీ ఆమె ఆగలేదు.

"తెలివి లేకనే తీసిన బావా. నువ్వే గదా నేర్పినవు! పోయినేడు కోళ్ల గూడు మీద కప్పుకొమ్మని పాత బొమ్మ ఇయ్యలే? మోటరు మీద కప్పమని ఇంకొకటి ఇయ్యలే? 'నూనె రంగు తమ్మీ, చుక్క నీళ్లు దిగవు' అని ఎవరన్నరు? నువ్వన్నదే పట్టుకున్న. నాకు చదువు రాదు. ఏది పాతదో ఏది కొత్తదో నాకెట్ల ఎరుక? అన్నీ నీళ్లే గదా బావా! ఏది చూసినా నీళ్లే గదా!"

లింగమూర్తి తలెత్తి చూశాడు. అన్నీ నీళ్లే. నిజమే మరి. సరిగా కుదరని బొమ్మలను గుడ్డ పేలికల్లా ఇంటి చుట్టూ పంచింది తనే. ఒక్క మాటైనా, ఇది ముట్టుకోకండి అని చెప్పి పోలేదు.

వాకిట్లో కోడి ఒకటి గూడు మీదికెక్కి దిగింది. ఆ గూటి మీద విశాఖపట్నం రేవు సగం చిరిగి వేలాడుతోంది.

దేవవ్వకు తాను ఎంత మాటన్నదో అప్పటికి తెలిసొచ్చింది. కొంగు తీసి నెత్తి మీద వేసుకుంది. గొంతు మారింది.

"గట్లని పారేసినట్టు ఏసిన్ననుకోకు బావా. పైలంగనే ఏసిన. మేకులు ఒక్కొక్కటి పీకిన, చినుగకుండ. వానకు రంగు ఖరాబైతదని..." ఆమె చేతులు రెండూ బోర్లించి చూపించింది. "రంగు పక్క లోపలికి పెట్టి కప్పిన."

లింగమూర్తి లేచి నిలబడ్డాడు.

"లోపలికా?"

"ఔ."

"రంగు వడ్లకు ఆనెటట్టా?"

"ఔ బావా. మీది పక్క ఉత్త బట్టనే గదా, తడిస్తే తడిసిందని."

కత్తితో ముద్దలుగా పూసిన నూనె రంగు నెలల కొద్దీ ఆరదు. పైన ఆరినట్టు కనపడుతుంది, వేలు పెడితే లోపల జిగురే. ఆ సంగతి ఆమెకు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. ఆమె ఎంత ఇదిగా కాపాడిందో అంతగా పాడైంది. అయ్యో, తిట్టడానికి కూడా లేకుండా పోయిందే!

లింగమూర్తి చెప్పులు వేసుకోకుండానే వాకిలి దాటాడు.

---

కొనుగోలు సెంటర్ ఊరి బయట, పెద్దపల్లి రోడ్డు పక్కనే. రాత్రి వానకు నీళ్లు గుంతల్లో నిలిచి ఉన్నాయి. రైతులు పరదాలు తీసి వడ్లు ఆరబోస్తున్నారు, తిట్టుకుంటున్నారు, మొగులు వైపు చూస్తున్నారు. మొగులు ఇంకా నల్లగానే ఉంది.

సిద్దిరాములు కుప్ప చివరన ఉంది ఆ గుడ్డ. వెనుక పక్క తెల్లగా, బురద చుక్కలతో, కొసలకు ఇటుకలు పెట్టి. ఎవరు చూసినా పాత పరదానే అనుకుంటారు.

"నేను తీస్త, నువ్వు ఉండన్నా" అన్నాడు సిద్దిరాములు.

"మెల్లగ."

అన్నదమ్ములు చెరో కొస పట్టుకున్నారు. దేవవ్వ నడుమ పట్టుకుంది. ఎత్తుతుంటే చిటచిటమని చప్పుడైంది. అంటుకున్న వడ్లు కొన్ని రాలాయి. రాలనివి రాలలేదు. పక్కనున్న ఖాళీ పరదా మీద దాన్ని వెల్లకిల పరిచారు.

సముద్రం ఉంది. తెల్లవారు జామున తుఫాను తెరిపి ఇచ్చాక ఎలా ఉంటుందో అలా, బూడిద రంగులో, లోపల ఎక్కడో పచ్చగా. ఓ మూలన ఓడ వెనుక భాగం. దాని రేలింగు నుంచి చూస్తే కనపడే నీళ్లు. ఆ నీళ్ల మీద అంతటా వడ్లు. అల మీద, నురుగు మీద, ఓడ మీద, గుప్పిళ్లతో చల్లినట్టు వడ్లు అతుక్కుని ఉన్నాయి.

"నేను తీస్త బావా. ఒక్కొక్కటి ఏరుత, కూసోని ఏరుత" అంటూ దేవవ్వ గబగబా మోకాళ్ల మీద కూర్చుంది. ఒక గింజను గోటితో పీకింది. గింజతో పాటే రంగూ ఊడొచ్చింది. ఆ చోట తెల్ల గుడ్డ కనపడింది. ఇంకోటి పీకింది. అక్కడా అంతే.

"ఇడిచిపెట్టు" అన్నాడు లింగమూర్తి.

"మళ్ల పూయరాదా బావా? గంతదే గదా, జర్రంత పూస్తే..."

లింగమూర్తి కుడిచెయ్యి ముందుకు చాచి చూపించాడు. అది తనంతట తాను ఊగుతోంది. నిన్నటి డాక్టరు మాట ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పాల్సిన పని లేకుండా పోయింది. దేవవ్వ ఆ చేతినే చూసింది. గింజ పట్టుకున్న వేళ్లను చీరకు తుడుచుకుని ఏడవసాగింది.

సిద్దిరాములు అన్న దగ్గరికి వచ్చాడు. "అన్నా, ఒక్క మాట చెప్త, కోపానికి రాకు. శంకరవ్వను ఇంటికి తోలుకపోదాం. బొమ్మ ఇంకా కాలే, ఇంకో నెల పడ్తదని చెప్పుదాం. కర్మ కూడ అప్పటికి జరుపుదాం."

"ఇంకో నెలకు నా చెయ్యి బాగైతదా?"

సిద్దిరాములు వంగి ఒక ఇటుకను పక్కకు జరిపాడు.

"ఆమె ఇన్నేండ్ల సంది ఎదురుచూసుడే చేసింది తమ్మీ. ఇంక చూడమని ఏ నోటితోని చెప్పాలె?"

రోడ్డు మీద పెద్దపల్లి బస్సు ఆగింది. స్టేజీ కాకపోయినా ఆగింది, ఎవరో దింపమని అడిగి ఉంటారు. సన్నటి మనిషి, బూడిదరంగు చీర, చేతిలో గుడ్డ సంచి. లింగమూర్తిని దూరం నుంచే గుర్తుపట్టి చెయ్యెత్తింది.

సిద్దిరాములు చప్పున పక్కనున్న చద్దరు అందుకుని బొమ్మ మీద కప్పబోయాడు. లింగమూర్తి అతని చెయ్యి పట్టుకుని ఆపాడు.

---

"ఇంటికే పోదామనుకున్న సార్. బస్సులకెల్లి నువ్వు కనవడ్డవు" అంది శంకరవ్వ. తర్వాత నేల వైపు చూసింది.

దేవవ్వ ఆమె కాళ్ల దగ్గరికి పాక్కుంటూ వచ్చినంత పని చేసింది. "తప్పు నాదక్కా. బావది గాదు. వాన వస్తుంటే వడ్ల మీద కప్పిన. తెల్వక కప్పిన. నీ కొడుకుదని తెల్వదక్కా, నీ కాళ్లు మొక్కుత..."

శంకరవ్వ ఆమె భుజం మీద చెయ్యి వేసింది కానీ ఆమెను చూడలేదు. బొమ్మ అంచున కూర్చుంది. చాలాసేపు చూసింది. చుట్టుపక్కల వడ్లు నెరిపి ఆరబెడుతున్న రైతులు పారలు ఆపేశారు. ఏం జరుగుతోందో వాళ్లకు తెలియదు, అయినా ఆపేశారు.

"గింత ఉంటదా సార్?"

"ఇంకా పెద్దగుంటది శంకరవ్వా. కన్ను ఆనదు."

"ఎక్కడ పడ్డడు?"

లింగమూర్తి ఆమె పక్కన కూర్చుని వేలు చాచాడు. వేలు ఓడ వెనుక ఉన్న నురుగు దగ్గరికి పోయి, అక్కడ నిలవక పక్క అలకు పోయింది. అక్కడ నుంచి ఇంకో అలకు. ఎడమచేత్తో పట్టుకున్నా ఆగలేదు. సముద్రమంతా తిరుగుతోంది ఆ వేలు.

శంకరవ్వ ఆయన మణికట్టు పట్టుకుంది. వడ్లు దంచిన చెయ్యి, గట్టిది. వేలు ఒక్కచోట ఆగింది.

"గీడ."

"గీడనే."

ఆ చోట నాలుగు వడ్ల గింజలు నీళ్లకు అతుక్కుని ఉన్నాయి. దేవవ్వ వాటిని తీయబోతే శంకరవ్వ వారించింది.

"తియ్యకు బిడ్డా, ఉండనీ. మా ఇంటాయన పోయిన్నాడు తొవ్వ పొడుగూత పేలాలు సల్లిండ్రు. నా కొడుకు మీద ఎవరూ ఏం సల్లలే. గివి సల్లినట్టే ఉన్నయి." ఆమె కళ్లలో నీళ్లు లేవు. ఎనిమిదేళ్లుగా దాచుకున్న మాటలు ఒక్కొక్కటే బయటికి వస్తున్నాయి. "నడుమ తొవ్వల పాడె దింపి చెవుల పేరు వెట్టి పిలుస్తరు చూడు. పానముంటే లేస్తడేమోనని. దింపుడు కల్లం. గది గూడ నా ఒంతుకు రాలే. నేనొక్కసారి గూడ పిలువలే సార్ వాన్ని."

లింగమూర్తి తల వంచుకున్నాడు.

"మీరు పిలిసిండ్రా?"

"పిలిచినం. మైకు పెట్టి పిలిచినం. పొద్దుమీకెదాక ఓడను అక్కడక్కడనే తిప్పుకుంట పిలిచినం."

"ఏమని పిలిసిండ్రు?"

"అరుణ్ అని."

శంకరవ్వ ఆయన మొహంలోకి చూసింది.

"గది బడిల సారు రాసిన పేరు. కొండగట్టు అంజన్న దయతోని పుట్టిండని మేం కొండల్ అన్నం. ఇంట్ల గదే, వాడకట్టుల గదే. నిద్రల ఉంటే అరుణ్ అని ఎంత లేపినా లేవకపోతుండె. కొండా అంటే దిగ్గున లేస్తుండె." ఆగి ఊపిరి తీసుకుంది. "మీరు అరుణ్ అని పిలిస్తిరి. వాడు ఇనలేదేమో సార్."

అంతకంటే ఆమె కొట్టినా బాగుండేది. రోజంతా ఆ నీళ్ల మీద మైకులో అరిచిన తన గొంతు లింగమూర్తికి చెవుల్లో మోగింది. ఏ పేరుతో అరిచాడో ఆ పేరే మోగింది.

శంకరవ్వ ముందుకు వంగింది. వేలు ఆగిన చోట చెంప ఆనించినంత దగ్గరగా వంగింది.

"కొండా."

మెల్లగా పిలిచింది, పక్క మీదున్న పిల్లవాణ్ని లేపినట్టు. ఆగి విన్నది. సెంటర్లో గాలికి పరదాలు కొట్టుకుంటున్న చప్పుడే ఉంది.

"ఓ కొండా! బిడ్డా!"

ఈసారి రోడ్డు దాకా వినపడింది. తువ్వాలలు నెత్తికి చుట్టుకున్న రైతులు ఒక్కొక్కరే వాటిని తీసి చేతుల్లో పట్టుకున్నారు. దేవవ్వ నోట్లో కొంగు కుక్కుకుంది.

మూడోసారికి శంకరవ్వ నోరు తెరిచింది. తెరిచిన నోరు అలాగే మూసుకుంది. లేచి కూర్చుంది.

"మూడోది నేను పిలువ సార్."

"శంకరవ్వా..."

"మూడోసారికి పలుకకపోతే ఇంక లేనట్టే లెక్క. తల్లి నోటితోని గది నేననలేను." ఆమె ఇంకా ఆయన మణికట్టు వదల్లేదు. "తోలుకపోయింది నువ్వు. తోలుకరానిది నువ్వు. నిన్ను తిడుతలేను సార్, నువ్వు మంచోనివి, గింత బొమ్మ చేసినవు. మూడోది నువ్వు పిలువు. బడి పేరు గాదు. నేను పిలిసే పేరు పిలువు. నీ గొంతయితే వానికి ఎరుకే."

ఒక చినుకు పడింది, సముద్రం మీద. తర్వాత ఇంకోటి. సిద్దిరాములు కుప్ప వైపు చూశాడు. వడ్లన్నీ తెరిచే ఉన్నాయి. పక్కనున్న పరదా కొస అందుకున్నాడు. కదల్లేదు.

"పిలువు బావా" అంది దేవవ్వ. నోట్లో కుక్కుకున్న కొంగు తీసేసింది.

లింగమూర్తి రెండు మోకాళ్ల మీద వంగాడు. తుఫానులో ఓడ ఈ కొస నుంచి ఆ కొస దాకా వినపడే గొంతు ఆయనది. వడ్లు అతికిన ఆ చిన్న చోటు మీదికి మొహం దించి, నోరు తెరిచాడు.

గొంతు రాలేదు.

వాన పెద్దదైంది. శంకరవ్వ ఆయన చెయ్యి వదలకుండా అలాగే కూర్చుని ఉంది.